చేతికి దగ్గరగా ఉన్నది

ఆ ఉత్తరాన్ని మా ఇంట్లో మొదట చదివింది చిట్టి. ఆరేళ్ళు నిండి, అక్షరాలు కూడబలుక్కోవడం కొత్తగా వచ్చి, కనబడ్డ ప్రతిదీ చదివి పారేస్తున్న రోజులవి. సబ్బు పెట్టె మీది రాతలు, బస్సు టిక్కెట్టు వెనకాల నిబంధనలు, వాళ్ళ బాబాయి కంటిచుక్కల సీసా మీది హెచ్చరికలు, అన్నీ అది గట్టిగా చదవాల్సిందే, మేమందరం వినాల్సిందే. వానాకాలం మొదలైన వారం. బయట జల్లు పడుతోంది. పెద్దవాళ్ళం నలుగురం బల్ల దగ్గర అన్నాలు తింటున్నాం. చిట్టి తన పళ్ళెం ఖాళీ చేసేసి, పొద్దున వచ్చి అలమార మీద పడున్న కవరొకటి చించి, మా మధ్య నిలబడి మొదలుపెట్టింది.

“మీ పేరు మీద... మా కేం...ద్రంలో... భద్ర...పరిచిన... నాలుగు... పిం...డాలు...”

మా ఆయన చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. “ఇలా తే తల్లీ అది” అన్నాడు.

“ఉండు నాన్నా, ఇంకా ఉంది. పిండాలంటే ఏంటి?”

మా అత్తయ్య మొహంలోకి చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. చిట్టి ఆస్పత్రి వాళ్ళ సాయంతో పుట్టిందని ఆవిడకు తెలుసు. గాజు పళ్ళెంలో ఐదు పిండాలు తయారయ్యాయనీ, ఐదో రోజున ఒకటి నా కడుపులో పెట్టి మిగతా నాలుగింటినీ గడ్డకట్టించి దాచారనీ మాత్రం తెలియదు. మొదట్లో చెప్పడానికి నాకు సిగ్గేసింది. చిట్టి పుట్టిన రోజున రక్తం ఆగక గర్భసంచి తీసేశాక చెప్పడానికి ఏడుపొచ్చేది. ఆ తర్వాత ఇంత ఆలస్యంగా ఎలా చెప్పాలో తోచలేదు. అలా ఆరేళ్ళు గడిచిపోయాయి.

“ఇంకా నలుగురున్నారా?” అంది అత్తయ్య.

“నాలుగున్నాయమ్మా” అన్నాడు మా ఆయన, పళ్ళెంలోకి చూస్తూ.

ఉత్తరం నేను తీసుకుని మిగతాది చదివాను. ఇక దాచేదేముంది కనక! ఆ కేంద్రం వాళ్ళు చిన్న భవనంలోకి మారుతున్నారు, చల్లగది మూసేస్తున్నారు. వానలు వెనకబట్టేలోగా మేమిద్దరం వచ్చి కాగితం మీద ఉన్న నాలుగు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకాలు చెయ్యాలి. మొదటి గడి, వాటిని వేరే ఊళ్ళో ఇంకో కేంద్రానికి మార్చుకోవడం. రెండోది, పిల్లల్లేని మరో జంటకు ఇవ్వడం. మూడోది, పరిశోధనకు ఇవ్వడం. నాలుగోది, చలిలోంచి తీసి వదిలేయడం. మూడో గడి కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఆ పరిశోధన చేసేవాళ్ళు పిండం నుంచి మూలకణాలు తీసి, వాటితో కంటి వెనక పొరను పెంచడానికి ప్రయత్నిస్తున్నారట.

అది చదివాక నాకే అర్థమైంది, గట్టిగా చదవకుండా ఉండాల్సిందని. మా మరిది పళ్ళెం ముందుకు తోసి లేచాడు. లేస్తూ పక్కనున్న స్టూలుకు తగులుకుని, దాన్ని సరిగ్గా నిలబెట్టి, గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మా మరిది బస్సు డ్రైవరు. ముప్ఫై మూడేళ్ళు. కంటి వెనక పొర ఎండిపోతూ వచ్చే జబ్బు అతనిది. మొదట సాయంత్రం ట్రిప్పులు మానేశాడు, ఏడాది తిరిగేసరికి పగటివీ మానేశాడు. అప్పటినుంచి డిపోలో ఫోన్లెత్తే కుర్చీలో కూర్చోబెట్టారు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంత మేరే కనిపిస్తుంది. ఆ గొట్టం ఏడాదికేడాదికీ సన్నబడుతోంది.

చిట్టిని పంపేశాక మా ఆయన ఒకే మాటన్నాడు. “ఏం చేసినా అమ్మ ఒప్పుకుంటేనే.” ఆయన లిఫ్టు మెకానిక్. ఇరుక్కుపోయిన వాళ్ళని బయటికి లాగడం వచ్చు గానీ, తను ఇరుక్కుంటే కదలకుండా కూర్చుంటాడు.

మర్నాడు పొద్దున్న స్టవ్వు దగ్గర నా పక్కకొచ్చి నిలబడి అత్తయ్య మెల్లగా అడిగింది. “అమ్మాయ్, అక్కడ చలెయ్యదూ వాళ్ళకి?”

నూట తొంభై ఆరు డిగ్రీలు, అదీ సున్నాకు కింద, అని ఎలా చెప్పను?

*

నేను విత్తన పరీక్ష కేంద్రంలో పనిచేస్తాను. బస్తాలోంచి తీసిన గింజల్లో నాలుగు వందలు లెక్కపెట్టి, తడి కాగితంలో వరసగా పేర్చి, చుట్టి, మొలకల పెట్టెలో పెడతాం. నాలుగో రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి విప్పి చూస్తాం. మంచి మొలకలు ఎన్ని, వంకరవి ఎన్ని, చచ్చినవి ఎన్ని. పదిహేనేళ్ళుగా నేను పొద్దున లేస్తే అడిగే ప్రశ్న ఒకటే, ఇది బతికుందా లేదా అని. అందుకేనేమో ఏ విషయమైనా సరే తవ్వి తీసేదాకా నాకు తోచదు. ‘ప్రశ్నల పుట్ట’ అని మా ఆయన నాకు పెళ్ళైన కొత్తలోనే పేరు పెట్టాడు.

ఆ వానాకాలమంతా నేను కనబడ్డ వాళ్ళనల్లా అడిగాను. మా ఆఫీసులో పెద్దసారుని అడిగితే ఆయన కలం తీసి కాగితం మీద చుక్క పెట్టాడు. “నీ నాలుగూ ఈ చుక్కలో పడతాయి. దీనికింత రాద్ధాంతమా?” అన్నాడు. ఆయన మాట సబబుగానే తోచింది. కానీ ఆ చుక్కని చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

పక్కింటి టైలరు గారిది వేరే మతం. చిట్టి గౌను జిప్పు పాడైతే తీసుకెళ్ళి, ఆయన కుడుతుండగా మాటల్లో పెట్టి అడిగాను.

“మా దాంట్లో నూట ఇరవై రోజులకి గానీ ప్రాణం ఊదరమ్మా” అన్నాడు పళ్ళ మధ్య దారం పట్టుకుని. “కొందరు పెద్దలు నలభై అంటారు. ఏదైనా గానీ ఐదు రోజులకి మాత్రం కాదు.”

“అయితే ఇచ్చెయ్యొచ్చంటారా?”

“మంచి పనికైతే ఇవ్వొచ్చనే అంటారు మావాళ్ళు చాలామంది. అయితే ఒకటి. కుట్టకముందు అది చొక్కా కాదని తెలిసినా, గుడ్డని నేను కాలితో తొక్కను కదా. ఏదో ఒక మర్యాద ఉండాలి.” జిప్పు పైకీ కిందికీ రెండుసార్లు లాగి చూసి, గౌను మడతపెట్టి నా చేతికిచ్చాడు.

తర్వాత ఆ కేంద్రానికే వెళ్ళాను. గింజల పొట్లాలకు అంటించే చీటీ వెనకాల పదకొండు ప్రశ్నలు రాసుకుని మరీ వెళ్ళాను. ఆ రోజుల్లో మా ఐదింటినీ సూక్ష్మదర్శినిలో చూసి పెంచిన ల్యాబ్ డాక్టరమ్మ ఇంకా అక్కడే ఉంది. చిట్టి నా కడుపులో పడిన రోజు కూడా ఆవిడే ఉంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

“పరిశోధనకిస్తే ఏం చేస్తారండీ వాటిని?”

“కరిగిస్తారు. బతికి బయటపడితే ఒకట్రెండు రోజులు చూసి, లోపలి కణాల్ని విడదీసి పెంచుతారు. అవి ఇంకా ఏమీ కాని కణాలు. కన్ను కావచ్చు, గుండె కావచ్చు, ఎముక కావచ్చు.”

“అప్పుడు పిండం?”

“ఉండదండీ.”

ఆవిడ ఆ మాటను నలిపి చెప్పలేదు, చుట్టూ తిప్పీ చెప్పలేదు. అందుకు నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. చీటీలో తొమ్మిది ప్రశ్నలయ్యాక, అసలు రాసుకోని ప్రశ్న ఒకటి నా నోట్లోంచి వచ్చింది.

“ఐదుంటే మా చిట్టినే ఎందుకు తీశారండీ? అందులో ఏం చూశారు?”

ఆవిడ పాత ఫైలు తిరగేసింది. “ఐదూ ఒక్కలానే ఉన్నాయి. ఒకే మార్కులు. అలాంటప్పుడు చేతికి దగ్గరగా ఉన్నది తీస్తాం.”

నేను థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. బస్సులో కూర్చున్నాక గానీ ఆ మాట నాకు పూర్తిగా ఎక్కలేదు. ఎవరో ఒక మనిషి గాజు పళ్ళెం మీదికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి గోరంత అటు పడితే ఇప్పుడు సబ్బు పెట్టెలు చదువుతున్న పిల్ల చల్లగదిలో ఉండేది, దానికి బదులు ఇంకెవరో మా బల్ల పక్కన నిలబడి ఇంకేదో చేస్తుండేవాళ్ళు. నాకు భయమేసింది. నిజం చెప్పాలంటే, ఆ ఇంకెవరో ఎలా ఉండేవాళ్ళో చూడాలని కూడా అనిపించింది. ఆ కోరిక కలిగినందుకు ఇంకా భయమేసింది.

ఇంటికొచ్చేసరికి మా మరిది వరండాలో కూర్చుని వాన వింటున్నాడు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, “కనుక్కొచ్చావా?” అన్నాడు.

“కనుక్కొచ్చాను.”

“నేనూ కనుక్కున్నాలే. మా కంటి డాక్టరుకి ఫోన్ చేశాను. ఇంకా ఎలకల దగ్గరా కొద్దిమంది మనుషుల దగ్గరా ఉందట. అది మందై నా దాకా వచ్చేసరికి నేను ముసలాణ్ణయిపోతాను. రాకపోవచ్చు కూడా. అందుకని వదినా, ఒకటి చెప్తా విను. ఇస్తే ఇవ్వండి, మానితే మానండి. నా పేరు మాత్రం మధ్యలోకి తేవద్దు. రేపొద్దున అమ్మ నా మొహం చూసినప్పుడల్లా ఆ నాలుగూ గుర్తుకు రాకూడదు.”

“నీకు ఆశ లేదా?”

“ఎందుకు లేదు? బోలెడుంది. అందుకే చెప్తున్నా.”

*

మందిరం పెద్దాయన దగ్గరికి నన్ను అత్తయ్యే తీసుకెళ్ళింది. ఆవిడ వారం వారం అక్కడికి వెళ్తుంది, నేనే ఏదో వంక చెప్పి తప్పించుకుంటుంటాను. మేం వెళ్ళేసరికి ఆయన పైకప్పు కారుతున్న చోట బక్కెట్టు పెట్టి, తడిసిన కుర్చీలు గుడ్డతో తుడుస్తున్నాడు. అత్తయ్య ఒక గుడ్డ అందుకుంది. నేనూ ఇంకోటి అందుకున్నాను. తుడుస్తూనే మాట్లాడుకున్నాం.

ఆయన నేననుకున్నట్టు కోప్పడలేదు. మొత్తం విని, “ఎన్ని రోజుల వయసు?” అని అడిగాడు.

“ఐదు రోజులు. ఆ తర్వాత ఏడేళ్ళుగా గడ్డకట్టి ఉన్నాయి.”

“మొదలైపోయింది కదమ్మా మరి. మొదలైన దాన్ని ఇంకోరి అవసరానికి వాడుకోవచ్చంటే నా మనసు ఒప్పుకోదు. ఆ ఇంకోరు ఎంత కష్టంలో ఉన్నా సరే.”

నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకెప్పుడు చేతనైంది కనక! “అయ్యా, పద్నాలుగు రోజుల దాకా ఒక పిండం రెండుగా చీలి కవలలు కావచ్చట. ఒకరో ఇద్దరో తేలనప్పుడు ‘ఒక మనిషి’ అని ఎలా అంటాం?”

ఆయన చెయ్యి ఆపి నిజంగానే ఆలోచించాడు. “ఇద్దరు కాగలిగింది ఒకరికంటే తక్కువెలా అవుతుంది తల్లీ?” అన్నాడు.

ఆ జవాబు నాకు భలే నచ్చింది. ఒప్పుకోలేదు గానీ నచ్చింది. “అయితే నాలుగో గడి? చలిలోంచి తీసి వదిలేస్తే?”

“అదీ తప్పే.”

“వేరే జంటకిస్తే?”

“అది మంచిది.”

“మా ఆయన వల్ల కాదంటున్నారు. వీధిలో చిట్టి పోలికతో ఎవరు కనబడినా తను బతకలేనంటున్నారు.”

“అలాగే ఉంచుకుంటే?”

“ఎన్నాళ్ళండీ? నాకు గర్భసంచి లేదు. మేం పోయాక?”

ఆయన బక్కెట్టు నిండితే తీసుకెళ్ళి పారబోసి వచ్చి, “నాకు తెలీదమ్మా” అన్నాడు. “తెలీనప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోమంటాను. అంతకంటే నాకు చేతకాదు.”

దారిలో అత్తయ్య, “ఆయన్ని అలా నిలదీస్తావేంటి, కోర్టులో లాగా” అని విసుక్కుంది. కానీ నాలుగడుగులు వేశాక తనే అడిగింది. “కవలల మాట నిజమేనా? మరి అప్పటిదాకా వాళ్ళకి తాము ఒకరమో ఇద్దరమో తెలీదన్నమాట.” నాకు నవ్వొచ్చింది. అత్తయ్య కూడా నాలాంటిదేనని నాకు అప్పటిదాకా తట్టలేదు.

అదే నన్ను ముంచింది. ఆవిడకు అంత కుతూహలం ఉంటే కళ్ళారా చూపిస్తే సరిపోతుందనుకున్నాను. శనివారం మధ్యాహ్నం మా పరీక్ష కేంద్రంలో ఎవరూ ఉండరు. ముందురోజు మొక్కజొన్న గింజలు నానబెట్టి ఉంచి, ఆవిణ్ణి తీసుకెళ్ళి నా బల్ల ముందు కూర్చోబెట్టాను. మొలకెత్తేదాకా ఏడు రోజులు ఆగలేనప్పుడు మేం చేసే పరీక్ష ఒకటుంది. గింజను నిలువునా రెండుగా కోసి, నీళ్ళలా ఉండే ఒక మందులో వేసి రెండు గంటలు చీకట్లో ఉంచుతాం. ప్రాణం ఉన్న మేర ఎర్రబడుతుంది. లేని మేర తెల్లగా ఉండిపోతుంది.

నా ఉద్దేశం ఏమిటంటే, గింజంతా ప్రాణం కాదనీ, ఒక మూల చిన్న ముక్కే ప్రాణమనీ, అది కూడా ఇంకా ఏ ఆకారమూ లేనిదనీ ఆవిడకు చూపించాలి. పిండం అంటే ఆవిడ మనసులో చేతులూ కాళ్ళూ ముక్కూ మొహం ఉన్న పిల్లలు తిరుగుతున్నారు. ఆ బొమ్మని చెరిపెయ్యాలి. ఇంత తెలివైన ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదని నాలో నేనే మురిసిపోయాను.

రెండు గంటలూ ఆవిడ నా ఆఫీసంతా తిరిగి చూసింది. పట్టకార్లు ఎందుకు, పెట్టెలో తేమ ఎంత, వంకర మొలకని వంకరదని ఎవరు తేలుస్తారు అని అడిగింది. తర్వాత నేను పళ్ళెం బయటికి తీసి భూతద్దం ఇచ్చాను. తెల్లటి గింజ ముక్కలో ఒక పక్కన ఎర్రగా, సన్నగా, చిన్న ఆకు మడతలాంటిది కనిపించింది.

“అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!” అంది అత్తయ్య. భూతద్దం దగ్గరికీ దూరానికీ జరిపి మళ్ళీ చూసింది. “ఇది బతికున్నట్టేనా?”

“బతికున్నట్టే.”

“దీన్ని ఇప్పుడు నాటితే వస్తుందా?”

“రాదత్తయ్యా. కోసేశాం కదా.”

ఆవిడ భూతద్దం బల్ల మీద పెట్టేసింది. “అంటే బతికుందని తెలుసుకోవడానికి చంపారన్నమాట.”

పదిహేనేళ్ళుగా నేను ఆ పరీక్ష చేస్తున్నాను. ఎన్ని వేల గింజలు కోసుంటానో నాకే తెలీదు. ఆ మాట నాకు ఒక్కసారైనా తట్టలేదు. నేనేదో సర్దిచెప్పబోయాను. కోసింది నాలుగు వందలే అనీ, ఆ నాలుగు వందల వల్ల మిగతా బస్తాలన్నీ నమ్మకంగా పొలాలకి వెళ్తాయనీ అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. “సరేలే, చూపించావు” అని లేచి, వానలో గొడుగైనా తీసుకోకుండా బస్టాపుకు నడిచి వెళ్ళిపోయింది.

*

ఆ తర్వాత రెండు వారాలు అత్తయ్య నాతో మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా చిట్టి ద్వారానే. “మీ అమ్మకి చెప్పు, పాలు పొంగుతున్నాయని.” నేను అడుగు దూరంలో ఉంటే చిట్టి రెండువైపులా తిరిగి, “అమ్మా, పాలు పొంగుతున్నాయట. నాన్నమ్మా, చూస్తోందట” అని కబుర్లు చేరవేసేది. దానికదొక ఆటయిపోయింది. నాకు మాత్రం ఆవిడతో గొడవ పడ్డ రోజులున్నాయి, మాట్లాడని రోజులు ఎప్పుడూ లేవు.

ఆ మౌనం చూసి మా ఆయన బెంబేలెత్తిపోయాడు. ఎక్కడో దూరాన ఉన్న ఇంకో కేంద్రానికి ఫోన్ చేసి, మార్చడానికి కావలసిన కాగితాలన్నీ తెప్పించాడు. “మొదటి గడిలో టిక్కు పెట్టేద్దాం. అమ్మకీ ఇబ్బంది లేదు, నీకూ లేదు. తర్వాత సంగతి తర్వాత” అన్నాడు. గడువు ఇంకో వారం ఉంది. ఆయన అలా అన్నప్పుడు నా గుండె కుదుటపడాలి. పడలేదు. ఎందుకు పడలేదో ఆలోచించకుండా ఉతికిన బట్టల మూట ముందేసుకుని కూర్చున్నాను.

ఆదివారం పొద్దున. వాన తెరిపిచ్చింది. మా మరిది నాకెదురుగా కూర్చుని, చేత్తో తడిమి సాక్సుల్ని జతలు చేస్తున్నాడు. అత్తయ్య పక్క గదిలో దుప్పట్లు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“వదినా, టైలరు గారు ఏమన్నారో చెప్పావు. మీ పెద్దసారు మాటా, పెద్దాయన మాటా చెప్పావు. మరి నువ్వేమంటావు?”

“నేననేదేముంది? అత్తయ్య...”

“అమ్మ సంగతి వదిలెయ్. ఊరందర్నీ అడిగావు. నిన్నెవరూ అడగలేదు. నేనడుగుతున్నా.”

చేతిలో చిట్టి గౌను ఉంది. అది మడతపెట్టాను, విప్పాను, మళ్ళీ మడతపెట్టాను. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు. అందర్నీ అడుగుతూ తిరిగింది నన్ను నేను అడక్కుండా ఉండడానికేనని ఆ క్షణాన నాకు తెలిసిపోయింది.

“ఇవ్వాలనుంది” అన్నాను. “నీ కోసం కాదు. నీ కోసమైతే నువ్వు వద్దన్నావు కాబట్టి ఊరుకునేదాన్ని. వాటిలో ఏదైనా చిట్టి అయ్యుండేది. కాలేదు. చెయ్యి అటు పడలేదు, అంతే. ఆ చల్లగదిలోంచి ఇంకో చల్లగదిలోకి మార్చి, మనం ముసలివాళ్ళమయ్యేదాకా అక్కడే ఉంచి, చివరికి ఎవరో తెలీనివాళ్ళు వదిలేస్తారు. నేను నిర్ణయం చెయ్యలేదన్న తృప్తి తప్ప దానివల్ల ఎవరికేం ఒరుగుతుంది? వాళ్ళు దేనికో ఒకదానికి మొదలయ్యారు. ఇంకోరి కంట్లోనైనా ఏదో ఒకటి అవనీ. ఇది పుణ్యమని నేననడం లేదు. తప్పు కాదని గట్టిగా చెప్పలేను కూడా. తప్పే అయితే అది నాదే, నీ కళ్ళది కాదు.”

అంతా అన్నాక ఏడ్చేశాను. మా మరిది సాక్సులు పక్కన పెట్టి, నా మొహం ఎక్కడుందో సరిగ్గా చూడడానికి తల అటూ ఇటూ తిప్పాడు.

దుప్పట్ల చప్పుడు ఎప్పుడాగిందో నేను గమనించలేదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది.

“ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా నాకు” అంది. చిట్టిని మధ్యలో పెట్టకుండా నాతోనే అంది. “గింజలు కోసి చూపించడమెందుకు? నేనేమన్నా బళ్ళో చదువుకుంటున్నానా?”

“మీరు బాధపడతారని...”

“పడతాను. పడకుండా ఎలా ఉంటాను?” అని, వంటింట్లోకి తిరిగి గట్టిగా పిలిచింది. “ఒరే పెద్దోడా, ఇలా రా.” మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “అమ్మ ఒప్పుకుంటేనే అని నా మీదికి తొయ్యకు. కడుపు కోయించుకుంది ఈ పిల్ల. నా నోటితో సరే అననురా. నాకది తప్పనే అనిపిస్తోంది, రేపూ అదే అంటాను. కానీ వద్దని అడ్డం పడను. సంతకాలు మీవి.”

మా ఆయన నావైపు చూశాడు. “నువ్వు గట్టిగా అనుకునే చెప్తున్నావా?”

“లేదు” అన్నాను.

“నేనూ అంతే” అన్నాడు. కాసేపు తల గోక్కున్నాడు. “అయితే మూడోదే పెడదాం.”

గడువు తీరే రోజు పొద్దున్న మేమిద్దరం బయల్దేరుతుంటే అత్తయ్య కూడా ఇస్త్రీ చీర కట్టుకుని చెప్పులు వేసుకుంటోంది. ఎక్కడికని అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. బస్సులో ఆవిడే ముందెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

డాక్టరమ్మ మా ముందు కాగితం పెట్టింది. మూడో గడిలో నేను టిక్కు పెట్టాను. ఆయన సంతకం చేశాడు, నేను చేశాను.

“కింద ఇంకొకటుందండీ” అంది డాక్టరమ్మ. “తర్వాత ఏమైందీ మీకు తెలియజెయ్యాలా వద్దా అని. కరిగించాక ఎన్ని బతికాయి, ఎన్ని పెరిగాయి, అలాంటివి. చాలామంది వద్దనే పెడతారు. అది తేలిక.”

కలం నా చేతిలోనే ఉంది. కనబడ్డ ప్రతిదీ తవ్వి తెలుసుకునే నాకు జీవితంలో మొదటిసారి ఒక సంగతి తెలుసుకోవద్దనిపించింది. ‘వద్దు’ అన్న మాట పక్కన ఆనించేశాను కూడా.

“అవునని పెట్టు” అంది వెనక నుంచి అత్తయ్య.

“అత్తయ్యా, తెలిస్తే మీరే ఎక్కువ...”

“ఇంట్లోంచి ఎవరైనా బయల్దేరితే చేరారో లేదో కనుక్కోమా? అవునని పెట్టమ్మా.”

పెట్టాను.

“ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?” డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నూ మార్చి మార్చి చూసింది. అత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకుని, తన నంబరు ఒక్కో అంకే ఆగి ఆగి చెప్పింది. డాక్టరమ్మ చేత ఒకసారి తిరిగి చెప్పించుకుని సరిచూసుకుంది కూడా.

డాక్టరమ్మ ఆ పక్క గడి మీద కలం ఆనించి అడిగింది. “ఇక్కడ మీరేమవుతారని రాయాలండీ?”

“నాన్నమ్మని” అంది అత్తయ్య.

ఆవిడ అదే రాసుకుంది.